బంజరు అని రాసిన భూమికి నీళ్ల లెక్క, మేత లెక్క తేల్చండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంధన, రెవెన్యూ, పశుసంవర్ధక శాఖల ముఖ్య కార్యదర్శులకు పశ్చిమ ప్రకాశం మెట్ట రైతు రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానాన్ని ఆమోదించింది. మరుసటి నెలలోనే రిలయన్స్ సంస్థతో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లకు, 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడికి అవగాహన ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 2న కనిగిరి నియోజకవర్గంలోని పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో మంత్రి నారా లోకేశ్ వాటిలో మొదటిదానికి శంకుస్థాపన చేశారు. కౌలుకు తీసుకున్న బంజరు భూముల్లో నేపియర్ వంటి గడ్డి పెంచడం, దాన్ని పులియబెట్టి గ్యాసు తీయడం, మిగిలిన పిప్పిని సేంద్రియ ఎరువుగా పొలాలకు ఇవ్వడం ఈ పథకం సారాంశం. పని కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో పిల్లల్ని పంపించి పండగలకు వాళ్ల రాక కోసం ఎదురుచూసే మా మండలాలకు ఒక పరిశ్రమ వస్తానంటే కాదనే వాళ్లెవరూ ఉండరు. నేనూ కాదనడం లేదు. దేశానికి కావలసిన సహజవాయువులో దాదాపు సగం దిగుమతి చేసుకుంటున్నామనీ, పల్లెలో పండిన పచ్చి మేత నుంచి ఆ గ్యాసులో కొంతయినా తీయగలిగితే మంచిదేననీ నాకు తెలుసు.

నా అభ్యంతరం గడ్డి మీద గానీ గ్యాసు మీద గానీ కాదు. కౌలు పత్రం మీద సంతకం పడేలోపు ఆ భూమి ఇప్పటికే ఏమి ఇస్తోందో, ఎవరికి ఇస్తోందో, అక్కడ పెంచబోయే పంటకు ఎన్ని నీళ్లు కావాలో, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో గ్రామం పేరుతో సహా లెక్క కట్టి ప్రజల ముందు పెట్టలేదు. ఆ లెక్క పెట్టమని అడగడానికే ఈ లేఖ.

ముందు భూమి సంగతి. మన రికార్డుల్లో ఏడబ్ల్యూడీ (శిస్తు నిర్ణయించిన మెట్ట బీడు) అనీ, యూఏడబ్ల్యూ (శిస్తు నిర్ణయించని బీడు) అనీ, గుట్ట పోరంబోకు అనీ, మేత పోరంబోకు అనీ, అనాధీనం అనీ రాసి ఉన్న సర్వే నంబర్లన్నీ కలిపి జిల్లాలో ఇంత బంజరు ఉందని చెప్పడం సులువే. అయితే ఆ పద్దులు శిస్తు వసూలు కోసం పుట్టినవి గానీ నేల సారాన్ని పరీక్షించి పెట్టినవి కావు. శిస్తు రాని భూమి సర్కారు కాగితంలో ఖాళీగా కనిపిస్తుంది, ఊళ్లో మాత్రం ఖాళీగా ఉండదు.

కార్తీకంలో మా ఊరి గుట్ట వారన ఉన్న గరప నేల ఒకసారి చూడండి. మాకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, నవంబరు నెలల్లోనే పడుతుంది కాబట్టి ఆ రెండు నెలలూ అక్కడ మోకాలెత్తున చెంగలి, దాని కింద గరిక, మధ్య మధ్య తంగేడు పొదలు ఉంటాయి. కంచెల మీదికి పాకిన బోడకాకర తీగల కాయలు కోసుకొచ్చి సంతలో అమ్మితే ఒక ముసలామెకు వారం రోజుల ఉప్పు పప్పులు గడుస్తాయి. పొద్దున తొమ్మిదింటికి మందలు తోలుకొస్తారు. మా వైపు గొర్రెల్లో ఎక్కువ జోడిపివి. నెల్లూరు జాతిలో అది ఒక రకం. ఆ గొర్రెలు పగలంతా ఆ బంజరు మీద మేసి, రాత్రికి ఎవరో ఒక రైతు పొలంలో పడుకుంటాయి. మంద కట్టించుకున్న రైతు అందుకు డబ్బో ధాన్యమో ఇస్తాడు, మరుసటి ఏడు ఆ చెక్కలో కంది గానీ సజ్జ గానీ వేరుగా కనిపిస్తుంది. ఇలా బంజరు మీద మొలిచిన గడ్డి ఎరువుగా మారి పట్టా భూమికి చేరుతోంది. ఈ రాబడి ఏ అడంగల్‌లోనూ, అంటే ఊరి సాగు లెక్కల పుస్తకంలోనూ, ఎక్కదు. ఎక్కనంత మాత్రాన లేదని అనుకుంటే, పథకం మొదలైన రెండో ఏడే గొర్రెల కాపరికీ ప్లాంటు కాపలాదారుకూ మధ్య తగాదా మొదలవుతుంది.

ఇక నేపియర్ సంగతి. నాకు కొద్దిపాటి పాడి ఉంది. గేదెల కోసం బోరు పక్కన కొన్ని సెంట్లలో సూపర్ నేపియర్ వేసుకున్నాను. ఆ గడ్డి గుణం నాకు తెలుసు, దాని మీద ప్రేమ కూడా ఉంది. రెండు కణుపుల ముక్క పాతితే చాలు, నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల లోపు కోతకు వస్తుంది, కోసిన కొద్దీ పిలకలు వేస్తుంది. అదంతా తడి ఉన్నంత వరకే. మాఘం దాటాక ఒక తడి తప్పితే ఆకు అంచులు ఎండటం మొదలవుతుంది, రెండు తడులు తప్పితే కాండం ముదిరి గట్టిపడి గేదె కూడా సగం వదిలేస్తుంది. వాన మీదే వదిలేస్తే నేపియర్ చచ్చిపోదు, మొండిగా నిలబడుతుంది. కానీ కరపత్రాల్లో రాసే దిగుబడి ఇవ్వదు. ఎకరాకు వంద టన్నులకు పైగా పచ్చిగడ్డి అని చెప్పే లెక్కలన్నీ నీళ్లు పుష్కలంగా పెట్టిన పొలాల లెక్కలు. బంజరు భూమి ధరకు భూమి తీసుకుని మాగాణి దిగుబడి ఆశించడం కుదిరే పని కాదు. అయినా ఆశిస్తే, ఆ తేడాను భూగర్భంలోంచి తోడాలి.

ఎంత తోడాలో మీరే చూడండి. ఒక ఎకరానికి 50 మిల్లీమీటర్ల తడి పెట్టాలంటే రెండు లక్షల లీటర్ల నీళ్లు కావాలి. ఒక ప్లాంటు చుట్టూ వెయ్యి ఎకరాల గడ్డి ఉందనుకుంటే ఒక్క తడికి 20 కోట్ల లీటర్లు. వేసవిలో పది రోజులకు ఒక తడి అనుకుందాం. గంటకు పది వేల లీటర్లు పోసే బోరు పగటిపూట తొమ్మిది గంటల కరెంటుతో పది రోజులూ ఆడితే తొమ్మిది లక్షల లీటర్లు పోస్తుంది. అంటే ఆ వెయ్యి ఎకరాలకు 220 బోర్లు కావాలి, అవి కూడా వేసవిలో ఎండకుండా అదే ధార పోయాలి. డ్రిప్ పెట్టి సగానికి తగ్గించినా వందకు పైగా బోర్లు. మా మండలాల్లో వేసవిలో గంటకు పది వేల లీటర్లు పోసే బోరున్న రైతును ఊళ్లో వేలెత్తి చూపిస్తారు.

పైగా ఇవి ఫ్లోరైడు మండలాలు. కనిగిరి, పీసీ పల్లి, హనుమంతునిపాడు, వెలిగండ్ల, పామూరు వైపు పళ్లు గారకట్టిన పిల్లల్నీ, కీళ్లు పట్టేసి నడుము వంగిన పెద్దల్నీ చూడని అధికారి ఉండరు. బోరు లోతుకు పోయే కొద్దీ రాతి పొరల నీళ్లలో ఫ్లోరైడు పెరిగే ప్రమాదం ఉందని భూగర్భ జల శాఖకు నేను చెప్పాల్సిన పని లేదు. తాగునీటికే ట్యాంకర్లు తిరిగే చోట ఇంధనపు పంటకు కొత్త బోరు ఒక్కటైనా వేయనివ్వకూడదన్న షరతు కౌలు పత్రంలోనే ఉండాలి. తరవాత ఎప్పుడో వచ్చే మార్గదర్శకాల్లో ఉంటే చాలదు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు వస్తుంది కదా అని కొందరు అంటున్నారు. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు రెండో సొరంగం తవ్వకం 2024 జనవరికి పూర్తయింది. నీళ్లు పొలాలకు పారే రోజు కోసం ఒక తరం ముసలిదైపోయింది. ఆ నీళ్లు 4 లక్షల 47 వేల ఎకరాల ఆయకట్టుకూ, పదిహేను లక్షలకు పైగా జనం దాహానికీ రాసిపెట్టినవి. అందులో గ్యాసు ప్లాంటుకు వాటా ఉందా లేదా అన్నది కాలువ తూముల దగ్గర తేల్చుకోవలసిన విషయం కాదు, ఇప్పుడే చెప్పాలి.

నేల సత్తువ గురించి ఒక మాట. వంద టన్నుల పచ్చి నేపియర్‌లో ఎనభై టన్నుల వరకూ నీరే. మిగిలిన ఇరవై టన్నుల ఎండు పదార్థంలో నత్రజని ఒక్క శాతం అని తక్కువలో తక్కువ వేసుకున్నా 200 కిలోలు. అంటే 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు పది, ప్రతి ఎకరం నుంచీ ప్రతి ఏడాదీ బయటికి పోతాయి. పొటాష్ అంతకన్నా ఎక్కువే పోతుంది. గ్యాసు తీసినప్పుడు ఈ పోషకాలు పోవు, పిప్పిలోనే మిగులుతాయి. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. కానీ ఆ పిప్పి తిరిగి అదే నేలకు రావాలి. ఈ ఎరువు అమ్మకానికి టన్నుకు 1500 రూపాయల ప్రోత్సాహకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. గిరాకీ ఉన్న డెల్టాలోనో, నగరాల నర్సరీల్లోనో అది అమ్ముడుపోతే మా గరప నేల అయిదారేళ్లలో నిజంగానే బంజరు అవుతుంది, అప్పుడు రికార్డు నిజమైందని సంతోషించవచ్చు! గడ్డి పెరిగిన భూమికి తగినంత వాటా చేరాకే మిగిలింది అమ్ముకోవాలని స్పష్టంగా రాయండి.

ఈ భయాలు ఊరికే పుట్టినవి కావు. 2003లో కేంద్రం బయోడీజిల్ మిషన్ మొదలుపెట్టినప్పుడు అడవి ఆముదం (జత్రోఫా) ఏ నేలలోనైనా, నీళ్లు లేకపోయినా కాస్తుందని ఊరూరా చెప్పారు. మన రాష్ట్రంలో దాంతో పాటు కానుగ కూడా నాటించారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి పెట్రోలు, డీజిల్‌లలో 20 శాతం జీవ ఇంధనం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. అడవి ఆముదం బీడు భూమిలో బతికింది, కాపు మాత్రం ఇవ్వలేదు. కాపు కావాలంటే నీళ్లూ ఎరువూ పెట్టాలని తేలింది, అవి పెట్టగలిగిన రైతు పత్తో మిరపో వేసుకున్నాడు. తరవాత 2018 అక్టోబరులో వచ్చిన కేంద్ర బయోగ్యాస్ పథకం సతత్ అయిదేళ్లలో 5,000 బయోగ్యాస్ ప్లాంట్లు అంది. దేశం ఇప్పటికీ ఆ సంఖ్యకు ఆమడ దూరంలో ఉంది. ప్లాంటు కట్టడం కష్టం కాదు, ఏడాది పొడుగునా దానికి మేత అందించడమే కష్టమని పై రెండు అనుభవాలూ చెబుతున్నాయి. అందుకే ప్లాంటు కట్టాక మేత కోసం ప్రభుత్వం మీద ఒత్తిడి వస్తుందనీ, ముందు బంజరు అన్నది మెల్లగా కంది చేలకు పాకుతుందనీ మా అనుమానం. నగర గ్యాసు కంపెనీలు తమ సరఫరాలో 2025-26లో 1 శాతం, 2028-29 నుంచి 5 శాతం బయోగ్యాస్ కలపాలని కేంద్రం నిర్ణయించింది. అంటే ప్లాంటు యజమానికి గిరాకీ హామీ ప్రభుత్వం వైపు నుంచే ఉంది. గడ్డి పెంచే నేలకూ, ఆ నేల మీద బతికే వాళ్లకూ అలాంటి హామీ ఏదో చూపించండి.

మా దగ్గర నిజంగా ఎవరికీ అక్కరలేని జీవపదార్థం ఒకటి ఉంది. మీరు సర్కారు తుమ్మ అంటారు, మేం చిల్లచెట్టు అంటాం. 1877లో మద్రాసు అటవీ శాఖ కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో విత్తనాలు వేయించగా వచ్చిన చెట్టు ఈనాడు చెరువు గర్భాల్నీ, వాగు పోరంబోకుల్నీ, చివరికి శ్మశానాల్నీ కమ్మేసింది. కాయల్ని మేకలు తిని విత్తనాలు ఊరంతా చల్లుతాయి. మొదలంటా పెరికితే తప్ప నరికిన చోటే మళ్లీ చిగురిస్తుంది. 2000ల మొదట్లో రాష్ట్రంలో వెలసిన చిన్న బయోమాస్ విద్యుత్ కేంద్రాలు వరి ఊకతో పాటు ఈ కట్టెను కూడా కాల్చాయి. దీన్ని పులియబెట్టి గ్యాసు తీయడం కుదరదు, కట్టెను గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థాన్ని గ్యాసు తీసే సూక్ష్మజీవులు అరిగించుకోలేవు. అందుకే బయోగ్యాస్ ప్లాంట్లకు లేత గడ్డి వంటి మెత్తటి పదార్థం కావాలి. కానీ గుళికలుగా చేసి థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతో కలిపి మండించవచ్చు. బొగ్గులో 5 శాతం జీవపదార్థపు గుళికలు కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో చెప్పింది. ఆ విధానం ముఖ్యంగా పంట వ్యర్థాలను ఉద్దేశించింది కాబట్టి మా జిల్లాలో ఏటా తగలబెట్టే పొగాకు కట్టె, కంది కట్టె, మిరప కట్టెకు అందులో చోటుంది. చెరువుల్లోంచి తీసిన చిల్లకంపకు కూడా చోటు ఇమ్మని రాష్ట్రం అడగాలి. కృష్ణపట్నం, ముద్దనూరు కేంద్రాలు మాకు మరీ దూరం కాదు. అయితే ఆ కంప మీద కూడా బతికే వాళ్లున్నారు: బొగ్గు బట్టీలు పెట్టుకునే కుటుంబాలు, వాళ్లలో యానాదులు చాలామంది. నరికే పనీ, చేరవేసే పనీ ముందు వాళ్ల సంఘాలకు అప్పగిస్తే పథకం మొదటి రోజు నుంచే కూలి డబ్బు ఊళ్లో తిరుగుతుంది. చెరువులో చిల్ల పోతే నీటి నిల్వకూ మేలు.

గనులు తవ్వి వదిలేసిన భూముల మాట కూడా వినిపిస్తోంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టూ ఉన్న రాతి గుట్టల మీద మట్టి పరిచి, దాన్ని కట్టలు పోసి నిలబెట్టి, ఏళ్ల తరబడి పోషిస్తే తప్ప గడ్డి అనేది మొలవదు. ఆ ఖర్చు క్వారీ యజమానులు భరించాల్సింది గానీ ఇంధన పథకం భరించాల్సింది కాదు. తీరం వెంబడి ఇసుక నేలల్లో రైతులు ఎవరూ చెప్పకుండానే సరుగుడు తోటలు పెంచుకుంటున్నారు. ఉప్పునూ ఇసుకనూ తట్టుకుని, నత్రజనిని తన వేళ్ల బుడిపెల్లోనే స్థిరపరుచుకునే చెట్టు అది. ఏ నేలకు ఏది తగునో తెలిసిన అనుభవం జిల్లాలో ఉందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మళ్లీ మేత దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ పథకంలో అసలు మెలిక అక్కడే ఉంది. కరువు వచ్చిన ఏడు మా ఊళ్లకు డెల్టా నుంచి వరిగడ్డి లారీలు వస్తాయి. ట్రాక్టరు గడ్డి ధర విని పాడి గేదెను సంతకు తోలిన వాళ్లను ప్రతి కరువులోనూ చూశాం. అలాంటి చోట వేల ఎకరాల్లో పచ్చటి నేపియర్ పెంచి, కంచె ఇవతల పశువులు డొక్కలెండి నిలబడి ఉండగా దాన్ని ముక్కలు చేసి ట్యాంకుల్లో వేస్తుంటే ఊళ్లో ఎవరి మనసూ ఒప్పుకోదు. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. మండలాన్ని ప్రభుత్వం కరువు మండలంగా ప్రకటించిన ఏడాది, కౌలు భూమిలోని గడ్డిలో నిర్ణీత వాటాను ముందే ఒప్పుకున్న ధరకు ఆ మండల పాడి రైతులకూ, గొర్రెల కాపరులకూ ఇవ్వాలన్న నిబంధన పెట్టండి. దాని వల్ల ప్లాంటుకు కలిగే నష్టాన్ని ప్రభుత్వం తన కరువు సాయం ఖాతాలోంచి పూడ్చవచ్చు. ఎలాగూ ఆ ఏడు పశుగ్రాసం కోసం ఖర్చు పెడుతూనే ఉంటుంది. అలా చేస్తే ఆ గడ్డి ఊరికి భరోసాగా మారుతుంది. కంచెకు కాపలా కూడా తగ్గుతుంది. మంచి ఏడాదుల్లో సైతం మందలు దాటడానికి దారులూ, నీటి దొరువుల దగ్గరికి తోవలూ కంచెలో వదలాలి.

కౌలు ఎవరికి ముట్టాలన్నది నేను పొడిగించి రాయను. అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం 1977 నుంచీ ఉంది, ఆ భూముల మీద పేదలకున్న హక్కు పథకాల పేరుతో పలచబడకూడదు. పట్టా ఒకరి పేర, సాగు మరొకరి చేత ఉన్న చోట కౌలు రైతును పిలిచి అడగాలి. గ్రామ ఉమ్మడి భూముల్లో అక్రమ ఆక్రమణలు తొలగించి వాటిని ఊరి ఉమ్మడి వాడకానికి తిరిగి అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ న్యాయ విభాగానికి కంఠతా వచ్చే ఉంటుంది.

చివరగా, సర్వే ఎప్పుడు జరగాలన్నది. శంకుస్థాపనలకు ముందు జరిగే భూముల పరిశీలన సాధారణంగా ఎండాకాలంలో, రోడ్లు పొడిగా ఉన్నప్పుడు జరుగుతుంది. ఆ నెలల్లో మా మందలు ఊళ్లో ఉండవు. డెల్టా వరికోతలు అయ్యాక మాగాణి మీదికో, నల్లమల వైపో తోలుకుపోతారు. కాపరులు లేని ఊళ్లో, గడ్డి పరక లేని నేలను చూసి రాసే నివేదికలో ఆ భూమి ఖాళీ అనే ఉంటుంది. కాబట్టి ఏ గ్రామంలో భూమి ఇవ్వాలనుకుంటున్నారో ఆ గ్రామంలో అక్టోబరు, డిసెంబరు మధ్య ఒకసారి, మే నెలలో ఒకసారి, సర్వే నంబరు వారీగా పరిశీలన జరిపించండి. ఎన్ని పశువులు, ఎన్ని గొర్రెలు, ఎంత గడ్డి, బోర్లలో ఎంత లోతున ఎన్ని నీళ్లు, వాటిలో ఫ్లోరైడు ఎంత అన్నవి తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించండి. కాపరులు వలస నుంచి తిరిగొచ్చాక గ్రామసభ పెట్టండి. ఆ సభలో ఊరు ఒప్పుకున్న నంబర్లకే కౌలు రాయండి. ఆ పని ఈ కార్తీకంలోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
పశ్చిమ ప్రకాశం మెట్ట రైతు